నీలాన్ని నమ్మొద్దు: మెరుపు గోరువంకల్ని గుర్తుపట్టడం ఎలా

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చినవాళ్ళ ఆల్బమ్ ఏది తెరిచినా సింహాలు, ఏనుగులు, జిరాఫీల మధ్య ఎక్కడో ఒకచోట ఒక నీలం పక్షి కనిపిస్తుంది. పిక్నిక్ టేబుల్ మీద రొట్టెముక్క కోసం కాచుకునో, కారు అద్దం అంచున కూర్చునో ఉంటుంది. ఒళ్ళంతా తళతళ. కింద "బ్యూటిఫుల్ బ్లూ బర్డ్" అని క్యాప్షన్. బాగానే ఉంది, కానీ ఏ బ్లూ బర్డ్? ఇలా నీలంగా మెరిసే స్టార్లింగులు ఒక్క క్రూగర్‌లోనే నాలుగు జాతులున్నాయి. ఆఫ్రికా ఖండం మొత్తం తీసుకుంటే లెక్క ఇంకా చాలా పెరుగుతుంది. వాటిలో కొన్ని జంటల్ని విడదీయడం గైడు పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళకి కూడా కష్టమే.

ముందు చుట్టరికం సంగతి. మన క్యాంటీన్ ముందు దర్జాగా నడుస్తూ తిరిగే గోరువంకదీ, ఈ పక్షులదీ ఒకే కుటుంబం, పేరు స్టర్నిడే. వీటిలో ఎక్కువ జాతులు ల్యాంప్రోటోర్నిస్ అనే ప్రజాతికి చెందుతాయి. గ్రీకు మాటల నుంచి వచ్చిన ఆ పేరుకి మెరిసే పక్షి అని అర్థం. ఇంగ్లీషులో గ్లాసీ స్టార్లింగ్స్ అంటారు. తెలుగులో పేరు దొరకలేదు కాబట్టి ఈ వ్యాసం వరకు "మెరుపు గోరువంకలు" అనుకుందాం. అన్నట్టు మన గోరువంక కూడా అక్కడికి చేరింది. 1902లో డర్బన్‌లో పంజరాల నుంచి తప్పించుకున్న గోరువంకలు పిల్లాపాపలతో విస్తరించి, ఇప్పుడు అక్కడి ఊళ్ళల్లో "ఇండియన్ మైనా" పేరుతో బతుకుతున్నాయి. ఆ డర్బన్ చుట్టుపక్కలకే మన తెలుగువాళ్ళు 1860 తర్వాత చెరకు తోటల కూలీలుగా వెళ్ళారు. ఈ కథ మళ్ళీ ఎప్పుడైనా.

హాస్టల్ రూంలో కూర్చుని ఆఫ్రికా పక్షుల పేర్లు మనకెందుకు అంటారా? ఐనాచురలిస్ట్ యాప్ వాడేవాళ్ళకి తెలుసు, అక్కడ ఎవరు తీసిన ఫొటోకైనా ఎవరైనా పేరు చెప్పొచ్చు. ఇద్దరు ముగ్గురు ఒకే జాతి పేరు మీద ఒప్పుకుంటే అది రీసెర్చ్ గ్రేడ్ అయిపోతుంది. అలాంటి రికార్డులు జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌లోకి వెళ్తాయి, వాటి ఆధారంగా ఏ జాతి ఎక్కడ ఉందో మ్యాపులు గీస్తారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. సీఎస్ఈ వాళ్ళం ఆలోచించాల్సింది ఆ తర్వాతి అడుగు. ఫొటో చూసి "ఇది ఫలానా పక్షి" అని సూచించే ఆ యాప్ మోడల్ ట్రెయిన్ అయ్యేది కూడా ఈ ఫొటోల మీదే. అంటే ఒకరు తొందరపడి తప్పు పేరు పెట్టారు, ఇంకొకరు మొహమాటానికి ఓకే అన్నారు, ఆ లేబుల్ ట్రెయినింగ్ డేటాలోకి వెళ్ళింది. రేపు మోడల్ అదే తప్పుని మూడో మనిషికి ఆత్మవిశ్వాసంతో చూపిస్తుంది. ఆయన "యాపే చెప్పింది కదా" అని నొక్కేస్తాడు. చెత్త లోపలికి పోతే చెత్తే బయటికి వస్తుందని మనం క్లాసులో వింటాం. ఇక్కడ బయటికొచ్చిన చెత్త మళ్ళీ లోపలికే పోతుంది, అదీ తేడా. మెరుపు గోరువంకల్లాంటి పోలిక ఎక్కువున్న పక్షుల దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మరి అంత కష్టం ఎందుకు? రంగు వల్ల. ఈ పక్షుల్లో అందరినీ ఆకర్షించేది రంగే, మోసం చేసేది కూడా రంగే.

ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో న్యూటన్ రింగ్స్ ఎక్స్‌పెరిమెంట్ చేశాం, గుర్తుందా? రీడింగులు ఎలా వచ్చాయన్నది పక్కన పెడదాం. లెన్సుకీ గాజుపలకకీ మధ్య సన్నటి గాలి పొర, దాని పైనుంచీ కిందనుంచీ వెనక్కి వచ్చే రెండు కిరణాలు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్నిచోట్ల రద్దు చేసుకుంటాయి. సోడియం ల్యాంపు కాబట్టి మనకి పసుపు, నలుపు వలయాలే కనిపించాయి. తెల్లటి వెలుగైతే రంగురంగుల వలయాలు వచ్చేవి. వాన నీటిగుంట మీద తేలే పెట్రోలు చుక్కలో, సబ్బు బుడగలో కనిపించేదీ ఇదే. మెరుపు గోరువంక ఈకలో కూడా ఇదే జరుగుతోంది. ఈకకి నడుమ కాడ, దానికి రెండు పక్కలా పాయలు, ఆ పాయలకి మళ్ళీ సన్నటి పోగులు ఉంటాయి. ఆ పోగుల్లో కెరటిన్ పొర కింద మెలనోసోములు అనే అతి చిన్న గింజలు వరుసగా పేర్చి ఉంటాయి. వాటిలో ఉన్నది మెలనిన్, అంటే మన జుట్టుని నల్లగా ఉంచే పదార్థమే. నీలం రంగు అన్న పదార్థం ఆ ఈకలో ఎక్కడా లేదు. ఈకని నూరి పొడి చేస్తే నల్లటి పొడే మిగులుతుంది.

కాబట్టి మనం చూసే రంగు వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, మనం ఏ కోణంలో నిలబడ్డాం అన్నదాన్ని బట్టి మారుతుంది. కోణం ఏటవాలు అయ్యేకొద్దీ రంగు ఊదా వైపు జరుగుతుంది. అదే పక్షి ఒక నిమిషంలో ఆకుపచ్చగా, తల తిప్పగానే నీలంగా, కొమ్మ మారగానే ఊదాగా కనిపిస్తుంది. మబ్బు పట్టినా, సూర్యుడు దాని వెనక ఉన్నా కాకిలా నల్లగా కనిపిస్తుంది. తెలుగులో దీనికి దగ్గరగా ఒక చక్కటి మాట ఉంది, నెమలికంఠం రంగు. పట్టుచీరల షాపులో ఆ మాట అంటే ఎవరికైనా అర్థమవుతుంది, కదిపితే నీలం, మడిస్తే పచ్చ. చీరలో అది పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేయడం వల్ల వస్తుంది, రెండూ నిజమైన అద్దకాలే. పక్షిలో అదీ లేదు, ఉన్నది పొరల పేర్పు మాత్రమే. ఇంగ్లీషులో ఈ పక్షి రంగు చెప్పాలంటే గ్రీనిష్ బ్లూ, బ్లూయిష్ గ్రీన్, వయొలెట్ గ్లాస్ అంటూ గైడు పుస్తకాలు తంటాలు పడతాయి. నెమలికంఠం అంటే ఒక్క మాటలో అయిపోయేది, కానీ అన్ని జాతులూ నెమలికంఠమే అయినప్పుడు ఆ మాటా పనికిరాదు!

పరిణామం వైపు నుంచి కూడా రంగు ఇక్కడ చంచలమే. 2013లో రాఫెల్ మాయా, డస్టిన్ రూబెన్‌స్టీన్, మాథ్యూ షాకీ అనే శాస్త్రవేత్తలు ఆఫ్రికా స్టార్లింగుల ఈకల మీద చేసిన పరిశోధనని ప్రచురించారు. చాలా పక్షుల్లో మెలనోసోములు గట్టి కడ్డీల్లా ఉంటాయి. ఈ స్టార్లింగుల్లో ఆ కడ్డీలతో పాటు బల్లపరుపువి, లోపల డొల్లవి, బల్లపరుపుగా ఉండి డొల్లగా కూడా ఉన్నవి, మొత్తం నాలుగు రకాలు దొరికాయి. డొల్లలో గాలి ఉంటుంది, గాలికీ చుట్టూ ఉన్న పదార్థానికీ వక్రీభవన గుణకంలో పెద్ద తేడా, అందుకే ఆ మిరుమిట్లు. ఈ కొత్త రకాలు వచ్చిన శాఖల్లో రంగులు వేగంగా మారాయని, కొత్త జాతులు కూడా వేగంగా ఏర్పడ్డాయని వాళ్ళు చూపించారు.

పేర్లు పెట్టినవాళ్ళు కూడా ఆ మెరుపుకే పడిపోయారు. నిటెన్స్ అంటే మెరిసేది, చాలిబియస్ అంటే ఉక్కు రంగుది, స్ప్లెండిడస్, సుపర్బస్... అర్థం చెప్పక్కర్లేదు. పేరు చదివి పక్షిని గుర్తుపట్టే ఆశ వదులుకోండి.

సరే, రంగు కాకపోతే ఏం చూడాలి? వెలుగు మారినా మారనివి చూడాలి. ఊరు, తోక, కన్ను, చెవి దగ్గరి మచ్చ, అరుపు.

ఊరు ముందు. ఇది చాలామంది వదిలేస్తారు, కానీ సగం పని ఇక్కడే అయిపోతుంది. కెన్యా, టాంజానియాల్లో తీసిన ఫొటోకి కేప్ స్టార్లింగ్ అన్న సూచన వస్తే చూడకుండానే కొట్టేయొచ్చు, ఆ జాతి అక్కడ లేదు. అది దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానా, జింబాబ్వే వైపు పక్షి. అలాగే దక్షిణాఫ్రికా దక్షిణ కొసన తీసిన ఫొటోలో గ్రేటర్ బ్లూ-ఇయర్డ్ స్టార్లింగ్ ఉండదు, ఎందుకంటే అది ఆ దేశంలో ఈశాన్య భాగానికే పరిమితం. గొడవంతా రెండూ కలిసి ఉన్న చోట, అంటే క్రూగర్, ఉత్తర బోట్స్వానా, జింబాబ్వేలలో.

తోకా, కన్నూ ఒకేసారి చూడండి. తోక పొడుగ్గా ఉండి, కన్ను ముదురు గోధుమ రంగులో ఉంటే అది బర్చెల్స్ స్టార్లింగో, మీవ్స్ స్టార్లింగో అయ్యుండాలి. తోక పొట్టిగా, కన్ను పసుపు-నారింజ రంగులో ఉంటే కేప్, గ్రేటర్ వగైరా. ఈ ఒక్క ప్రశ్నతో క్రూగర్‌లోని నాలుగు జాతులు రెండు, రెండుగా విడిపోతాయి. కంటి రంగు నిజమైన రంగు, కోణంతో మారదు. నల్లగా కనిపించే పక్షిలో కూడా పసుపు కన్ను దీపంలా తెలుస్తుంది.

బర్చెల్స్, మీవ్స్ మధ్య పెద్ద కష్టం లేదు. బర్చెల్స్ భారీ మనిషి. పొడవు కాళ్ళు, వెడల్పు రెక్కలు, వెడల్పైన తోక, కంటి చుట్టూ చెవిదాకా నల్లటి ముసుగు. నేల మీద పెద్ద పెద్ద అంగలేస్తూ నడుస్తుంది. మీవ్స్ సన్నగా ఉంటుంది, తోక ఇంకా పొడుగు, చివరికి వచ్చేకొద్దీ మెట్లుమెట్లుగా సన్నబడుతుంది. మోపానే చెట్లున్న చోట, జాంబెజీ, లింపోపో నదుల వెంబడి ఎక్కువ. క్రూగర్‌లో అయితే ఉత్తర కొసన పఫూరీ వైపు చూడాలి.

ఇక అసలు పరీక్ష, కేప్ వర్సెస్ గ్రేటర్ బ్లూ-ఇయర్డ్. రెండూ మన గోరువంకంత సైజు, కాస్త అటూ ఇటూ. రెండింటికీ పసుపు-నారింజ కన్ను. రెండింటి రెక్క మీదా నల్లటి చుక్కలుంటాయి, చాలామంది కొత్తవాళ్ళు ఆ చుక్కల దగ్గర ఆగిపోతారు. ఆ చుక్కలు ఈ ప్రజాతిలో చాలా జాతులకి ఉన్నాయి, వాటితో తేలేదేమీ లేదు.

చూడాల్సిన మొదటి చోటు చెవి. పక్షికి మనలా బయటికి చెవి ఉండదు, కంటి వెనక చెవిరంధ్రాన్ని కప్పి చిన్న ఈకలుంటాయి. గ్రేటర్‌లో ఆ ఈకలు ముదురు నీలం. ఎక్కువసార్లు నల్లగానే కనిపిస్తాయి, "బ్లూ-ఇయర్డ్" అన్న పేరు చూసి నీలం చెవి కోసం వెతికేవాళ్ళకి అది దొరకదు. అక్కడ వెతకాల్సింది రంగుని కాదు, అంచుని. గ్రేటర్‌లో కంటి దగ్గర మొదలై వెనక్కి వెడల్పుగా పరుచుకున్న ఒక మచ్చ ఉంటుంది, చుట్టూ ఉన్న తల రంగుకీ దానికీ మధ్య గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. కేప్‌లో కూడా ఆ భాగం కాస్త ముదురుగానే ఉంటుంది, కానీ ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో చెప్పలేం, తలలో కలిసిపోతుంది. ఇమేజ్ ప్రాసెసింగ్ చదివినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, కలర్ హిస్టోగ్రామ్ వద్దు, ఎడ్జ్ డిటెక్షన్ కావాలి.

రెండో చోటు డొక్క. రెక్క కింద, కాళ్ళకి పైన. కేప్‌లో పొట్ట, డొక్క, రొమ్ము అన్నీ ఒకే గుడ్డలో కత్తిరించినట్టు నీలం-ఆకుపచ్చగా ఉంటాయి. గ్రేటర్‌లో రొమ్ము దాటాక పొట్ట, డొక్క స్పష్టంగా ఊదా కలిసిన నీలంలోకి మారతాయి. "రంగుని నమ్మొద్దన్నావు, మళ్ళీ రంగే చెప్తున్నావు" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ మనం రంగు ఏమిటని అడగడం లేదు. ఒకే ఫొటోలో, ఒకే వెలుగులో, పక్కపక్కనే ఉన్న రెండు భాగాలు ఒకేలా ఉన్నాయా లేదా అని అడుగుతున్నాం. విడిగా చూసిన రంగు కోణానికి లొంగిపోతుంది. పక్కపక్క పోలిక అంత తేలిగ్గా లొంగదు. అయినా పొట్ట పూర్తిగా నీడలో ఉన్న ఫొటోలో ఈ గుర్తు వాడకపోవడమే మంచిది.

మూడోది అరుపు. నన్నడిగితే ఫీల్డులో ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. గ్రేటర్ ముక్కుతో మాట్లాడినట్టు, సాగదీస్తూ "స్క్వీ-యార్" అంటుంది, ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టుంటుంది. కేప్ పిలుపు "టుర్ర్-రీయూ" అని నాలుక తిప్పినట్టు దొర్లుతుంది. పొడవాటి పాట వింటే మాత్రం తికమకే, అన్నీ కలగాపులగంగా పాడతాయి. చిన్న పిలుపునే పట్టుకోవాలి. జెనో-కాంటో సైట్‌లో రెండింటి రికార్డింగులూ ఉచితంగా ఉన్నాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి పదిసార్లు వినండి, తర్వాత మర్చిపోవడం కష్టం.

ఇక్కడిదాకా వచ్చాక లెస్సర్ బ్లూ-ఇయర్డ్ తగులుతుంది. గ్రేటర్‌కి తమ్ముడిలా ఉంటుంది. చెవి మచ్చ సన్నగా ఒక పట్టీలా ఉంటుంది, తల గుండ్రం, ముక్కు నాజూకు, డొక్కలో ఊదా కన్నా మెజెంటా ఎక్కువ. చదవడానికి బాగుంది. కానీ "సన్నగా", "నాజూకుగా" అన్నవి పక్కన గ్రేటర్ ఉంటేనే తెలిసే మాటలు. ఒంటరిగా కూర్చున్న పక్షిని చూసి సైజు చెప్పడం అంటే స్కేలు లేని మ్యాపు మీద దూరం చెప్పడమే. ఇక్కడ మనల్ని ఆదుకునేవి పిల్లలు. జింబాబ్వే, జాంబియా, మొజాంబిక్‌లలోని మియోంబో అడవుల్లో ఉండే లెస్సర్ పిల్లలకి తలా, పొట్టా గోధుమ-ఎరుపు రంగులో ఉంటాయి. గ్రేటర్ పిల్లలు మసి పూసినట్టు బూడిద-నలుపు. కాబట్టి గుంపులో ఒక్క గోధుమ రంగు పిల్ల కనిపించినా లెస్సర్ అక్కడ ఉన్నట్టే. అయితే గుంపులో ఉన్నవన్నీ లెస్సర్లే అనుకోకూడదు, ఈ రెండు జాతులూ కలిసి తిరుగుతుంటాయి.

పిల్లల గురించి ఇంకొక హెచ్చరిక. పసుపు కన్ను ఉన్న జాతుల పిల్లలకి కూడా కన్ను మొదట్లో బూడిదగానో నల్లగానో ఉండి, పెరిగేకొద్దీ పసుపు తేలుతుంది. మెరుపు కూడా తక్కువ. అందుకని ముదురు కన్ను చూడగానే బర్చెల్స్ అనేయకండి. తోక చూడండి. తోక పొట్టిగా ఉండి ఒళ్ళు మాసినట్టుంటే అది కేప్ పిల్లో, గ్రేటర్ పిల్లో అయ్యే అవకాశమే ఎక్కువ.

తూర్పు ఆఫ్రికాకి సఫారీకి వెళ్ళేవాళ్ళకి కొంచెం తేలికైన జంట ఎదురవుతుంది, సూపర్బ్, హిల్డెబ్రాంట్స్. రెండింటికీ పైన నీలం, కింద నారింజ. సూపర్బ్‌కి నీలానికీ నారింజకీ మధ్య తెల్లటి గీత ఉంటుంది, కన్ను తెల్లన. హిల్డెబ్రాంట్స్‌కి ఆ గీత ఉండదు, కన్ను ఎర్రటి నారింజ. అంతే, అయిపోయింది. అక్కడే రూపెల్స్ స్టార్లింగ్ కూడా ఉంది, పొడుగు తోకకి తోడు మీగడ రంగు కన్ను, దాన్ని వదిలేయడం కష్టం.

కష్టాన్ని కోరుకునేవాళ్ళు మాత్రం గాంబియా, సెనెగల్ ఫొటోలు చూడాలి. గ్రేటర్, లెస్సర్, పర్పుల్, బ్రాంజ్-టెయిల్డ్ నాలుగూ ఒకే చెట్టు మీద వాలే అవకాశమున్న దేశాలవి. పర్పుల్‌కి పెద్ద కన్ను, పొట్టి తోక, తలా పొట్టా ఊదా. బ్రాంజ్-టెయిల్డ్‌ని పట్టించేది తోకలోని కంచు-ఊదా ఛాయ, అది మంచి వెలుగులో తోక విప్పితేనే తెలుస్తుంది. తోక ముడుచుకున్న ఫొటో చూసి దాని పేరు ధీమాగా రాసేవాళ్ళని చూస్తే నాకు భయం.

ఇప్పుడు మూడు ఫొటోలు ఊహించుకుని ప్రాక్టీస్ చేద్దాం, మూడూ క్రూగర్‌వే. మొదటిదాంట్లో పక్షి సూర్యుడికి అడ్డంగా ఉంది, ఒళ్ళంతా నలుపే. కానీ తోక పొడుగ్గా, వెడల్పుగా ఉంది, కాళ్ళు పొడుగు, నేల మీద నడుస్తోంది, కన్ను ముదురు. రంగు ఒక్క శాతం కనిపించకపోయినా ఇది బర్చెల్స్. రెండోదాంట్లో పక్షి పక్కకి తిరిగి కూర్చుంది. పసుపు కన్ను, దాని వెనక అంచు తెలిసే వెడల్పాటి మచ్చ, రొమ్ముకీ డొక్కకీ తేడా. గ్రేటర్, నిశ్చింతగా. మూడోది అన్నిటికన్నా అందమైన ఫొటో, షార్ప్‌గా ఉంది, నారింజ కన్ను మెరుస్తోంది, వాల్‌పేపర్‌గా పెట్టుకోవచ్చు. కానీ పక్షి మన వైపు సూటిగా చూస్తోంది. చెవి మచ్చ కనబడదు, పొట్ట టేబుల్ నీడలో ఉంది. యాప్ మొదటి సూచనగా కేప్ అనో గ్రేటర్ అనో ఇస్తుంది. దాన్ని నొక్కకుండా ల్యాంప్రోటోర్నిస్ అని ప్రజాతి దగ్గరే ఆపేయాలి. ఐనాచురలిస్ట్ దాన్ని ఒప్పుకుంటుంది, ఈబర్డ్‌లో కూడా జాతి తేలని పక్షులకి వేరే ఎంట్రీలున్నాయి. మన క్లాసిఫయర్లకి "తెలియదు" అనే అవుట్‌పుట్ పెట్టడం మనం తరచూ మర్చిపోతాం, పక్షులు చూసేవాళ్ళు మాత్రం ఎప్పుడో పెట్టుకున్నారు.

ఆపేసే ముందు ఇంకొక పని చేయొచ్చు. టూరిస్టులు ఒకే పక్షికి పది ఫొటోలు తీసి, అందంగా వచ్చింది ఒక్కటే అప్‌లోడ్ చేస్తారు. మనకి కావలసింది మిగతా తొమ్మిదిలో ఉంటుంది. "పక్క నుంచి తీసింది ఇంకొకటి ఉందా, బ్లర్ అయినా పర్లేదు" అని మర్యాదగా అడగండి. వాళ్ళు పెడితే ముందు డొక్క చూడండి, తర్వాత చెవి.